చదివినానని చెప్పిన కథ

పోయిన నెలలో హిందూపురం నుంచి ఒక లెక్చరరు మా ఇంటికి వచ్చాడు. మగ్గం బతుకుల మీద మన వైపు వాళ్ళు రాసిన కథలన్నీ ఏరి ఒక పుస్తకంగా వేస్తున్నాడట. అందులో నా కథ ఒకటి ఉండి తీరాలని, దానికి నా సంతకం కావాలని వచ్చాడు. మర్యాదస్తుడు. చెప్పులు గడప బయటే విడిచి, కూర్చోమన్నాకే కూర్చున్నాడు. కూర్చోగానే ఆ కథలోని ఒక పేరాను అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు. మగ్గం పోగులు కలిపి అచ్చు అతికే ఆడమనిషి తన మొగుడితో మనసులో చెప్పుకునే మాటలవి. అప్పజెప్పి, "ఇది చదివినప్పుడల్లా కండ్లల్లో నీళ్ళు తిరుగుతాయి సార్. మగోడై ఉండి ఎట్ల రాసినారు?" అని అడిగాడు. సరిగ్గా అప్పుడే నా భార్య ఆదిలక్ష్మి కాఫీ గ్లాసు తెచ్చి, ఎడమచేత్తో బల్ల అంచు తడిమి చూసుకొని దానిమీద పెట్టింది. ఆ పేరా రాసింది ఆమె. పాతికేళ్ళుగా ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు గానీ, ఆమె వింటుండగా ఎవరూ అడగలేదు. "ఎట్లనో వచ్చిందప్పా" అన్నాను. ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

అప్పట్లో మేము ధర్మవరంలో ఉండేవాళ్ళం. ముందుగదిలో గుంట మగ్గం, దాని వెనుక వంటిల్లు, పెరట్లో నీళ్ళ తొట్టి, అంతే ఇల్లు. నాయన పొద్దు పొడవకముందే మగ్గానికి దండం పెట్టుకొని గుంటలోకి కాళ్ళు దించేవాడు. బుగ్గన వక్కాకు ఉంటే గానీ ఆయనకు చెయ్యాడదు. అమ్మ గడప పక్కన రాట్నం ముందు కూర్చొని మగ్గంలో అటూ ఇటూ ఆడే నాడెలో పెట్టే కండెలు చుడుతూ, దారిన పోయే వాళ్ళందరి మంచిచెడ్డలూ అక్కణ్ణుంచే విచారించేది. ఇల్లంతా పట్టుకుండే ఒక రకం పచ్చి వాసన, దానిమీద శనక్కాయల నూనె తాలింపు వాసన, మధ్యాహ్నానికి ఉలవచారు వాసన. మగ్గం చప్పుడు ఆగిందంటే నాయన అన్నానికి లేచాడని పక్కింటివాళ్ళకు కూడా తెలిసేది. అమావాస్య నాడు మగ్గం ముట్టేవాడు కాదు. ఆ ఒక్కరోజు ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే ఆయనకు తోచక, వీధి అరుగు మీద కూర్చొని నా మీద పడేవాడు. "ఏమప్పా, ఇంగా బరుకుతాండావా?" అనేవాడు. ఆయన దృష్టిలో రాయడమంటే బరకడమే. అందులో కోపం లేదు. పనికి తక్కువ, ఆటకు ఎక్కువ అయిన సంగతిగా ఆయనకు అది కనిపించేది.

మగ్గం మీద పడుగు అయిపోయినప్పుడు, మిగిలిన పాత పోగుల కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా మెలిపెట్టి కలపాలి. వేల పోగులు. బొటనవేలు, చూపుడువేలు బూడిదలో అద్దుకొని, కొసకు కొస చేర్చి, చిటికెలో తిప్పి వదలాలి. దీన్నే మా వైపు అచ్చు అతకడం అంటారు. ఒక్క పోగు తప్పినా నేతలో గీత కనిపిస్తుంది, చీర తిరిగి వస్తుంది. ఆదిలక్ష్మిది హిందూపురం. మగ్గం ముఖం చూడని ఇంటి నుంచి వచ్చి, ఏడాది తిరగకముందే మా వీధిలో అందరికంటే బాగా అతకడం నేర్చుకుంది. మా ఇంట్లోదే కాక చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు కూడా ఆమెనే పిలిచేవాళ్ళు. ఇంటి వంట, ఇద్దరు పిల్లలు, నీళ్ళు పట్టడం, అతుకు. అది ఆమె రోజు. ఆ రోజులో నా కథలకు కూడా ఒక చోటు పెట్టుకుంది. ఆ చోటు ఎక్కడిదో నేను ఎన్నడూ అడగలేదు.

నేను పెనుకొండలో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాను. పొద్దున ప్యాసింజరులో పోయి సాయంత్రం ప్యాసింజరులో వచ్చేవాణ్ని. కథలు రాసేది ఆ రైల్లోనే. బెంగుళూరు కూలికి పోయేవాళ్ళ మూటల మధ్య ఇరుక్కొని, మోకాళ్ళ మీద అట్ట పెట్టుకొని రాసేవాణ్ని. రైలు కుదుపుకు నా అక్షరాలు కోడి కెలికినట్లు ఉండేవి. కనబడిన ప్రతివాడికీ టైం లేదు, టైం లేదు అని చెప్పుకునేవాణ్ని. ఆఫీసు తినేస్తోందని, సంసారం తినేస్తోందని, లేకపోతే ఈపాటికి ఎంత రాసుండేవాణ్నో అని. నిజంగానే నమ్మేవాణ్ని. ఇంట్లోకి అడుగుపెట్టగానే పిల్లలు కాళ్ళకు చుట్టుకుంటే, కథ చెదిరిపోతుందని విసుక్కొని పెరట్లోకి పోయేవాణ్ని. "మీ నాయన కతలో ఉండాడు, అలికిడి చేయొద్దండి" అని ఆదిలక్ష్మి పిల్లలను పిలుచుకొని పోయేది. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంటుంది. అప్పుడు మాత్రం నాకు తగిన మర్యాద జరుగుతున్నట్లే అనిపించేది.

ఆ రోజుల్లో పత్రికకు కథ పంపాలంటే కాగితానికి ఒకవైపే, మార్జిన్ వదిలి, కొట్టివేతలు లేకుండా రాయాలి. స్టాంపులు అంటించిన తిరుగు కవరు పెట్టాలి. చివర హామీ పత్రం జతచేయాలి: ఈ కథ నా సొంతమని, దేనికీ అనుకరణ కాదని, మరే పత్రికకూ పంపలేదని సంతకం చేసి ఇవ్వాలి. నా కోడి కెలుకుడును సాపుగా రాసిపెట్టేది ఆదిలక్ష్మి. పదో తరగతి వరకు చదివింది, గుండ్రని అక్షరాలు. మధ్యాహ్నం అన్నం తిని నాయన ఒక గంట నడుం వాల్చేవాడు. మగ్గం ఆగిన ఆ గంట వీధిలో ఆడవాళ్ళందరికీ విశ్రాంతి. ఆదిలక్ష్మి మాత్రం వాకిలి వెలుతురుకు ఎదురుగా కూర్చొని, ఒళ్ళో పీట పెట్టుకొని నా కథ రాసేది.

ఒకసారి నా కథలో ఒక తల్లి కళ్ళు చెమ్మగిల్లాయి. సాపులో చూస్తే చెమ్మగిల్లలేదు. కొంగుతో ముక్కు తుడుచుకొని పొయ్యి ఊదింది. నాకు మండింది. "నేను రాసింది రాయి. నీ సొంత తెలివి యాల పెడతావు?" అన్నాను. "సంగటి కలపాల్సిన టయానికి కూర్చోని ఏడ్చేకి ఆయమ్మకు తీరికెక్కడిది? అందుకే మార్చినా. వద్దంటే కొట్టేస్తాలే" అంది. మళ్ళీ రాయించడానికి వ్యవధి లేక అట్లాగే పంపాను. రెండు నెలలకు సంపాదకుడు కార్డు రాశాడు. కథ వేసుకుంటున్నామని, పొయ్యి ఊదిన ఆ ఒక్క వాక్యం చాలునని. ఆ కార్డు ఆదిలక్ష్మికి చూపించలేదు. "కత తీసుకున్నారు" అని మాత్రం చెప్పాను. "అట్లనా, మంచిది" అని ఆమె కండెల బుట్ట ఎత్తుకొని పోయింది.

ఆ తర్వాత నేను తెలివి మీరిపోయాను. నాకు రాని చోట కథలో నాలుగు లైన్లు ఖాళీ వదిలి, అంచున గుర్తు పెట్టేవాణ్ని. "ఈడ ఆడోళ్ళ మాట రాయి" అని ఒక చోట, "ఈడ అతికేటప్పుడు ఆయమ్మ ఏమనుకుంటాదో రాయి" అని ఇంకో చోట. ఆమె నింపేది. మొదట్లో నింపినవి చదివి, నావిగా అనిపించేలా ఒకటి రెండు మాటలు మార్చేవాణ్ని. పోనుపోను అదీ మానేశాను. సాపు ప్రతి చేతికి రాగానే, పేజీలు లెక్కపెట్టి, హామీ పత్రం మీద సంతకం చేసి, పెనుకొండ పోస్టాఫీసులో వేసేవాణ్ని. ఆఫీసు ఫైళ్ళ మీద చదవకుండా సంతకాలు పెట్టే మా పై అధికారిని చూసి నవ్వుకునేవాణ్ని కూడా. నేను చేస్తున్నదీ అదేనని తట్టలేదు.

ఒక ఏడాది ఎండాకాలంలో అనుకుంటాను, ఆదిలక్ష్మి అచ్చు అతికేటప్పుడు తల ఒక పక్కకు వాల్చి, పోగుకు ముఖం బాగా దగ్గర పెట్టడం చూశాను. ఎంత బాగుందో ఆ భంగిమ అనుకున్నాను. వాకిట్లోంచి వచ్చే వెలుతురు ఆమె చెంప మీద పడుతోంది. జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఆ సంగతి రాసుకున్నాను. తర్వాత ఒక కథలో, పోగును ఓరకంట పలకరించే ఇల్లాలు అని ముచ్చటగా వాడుకున్నాను కూడా. ఎందుకు తల వాలుస్తున్నావని అడగలేదు. రాసుకోవడానికి పుస్తకం తీసే తీరిక ఉంది నాకు, అడగడానికి లేదు. నేను రచయితనని చెప్పుకునే ప్రతిసారీ గుర్తొచ్చేది ఈ సంగతే.

దాని తర్వాత వచ్చింది ఆ కథ. పత్రిక వాళ్ళు ప్రత్యేక సంచికకు అడిగారు. గడువు దగ్గర పడింది, ఆఫీసులో తనిఖీ ఒకటి తలమీద కూర్చుంది. కథలో అచ్చు అతికే ఒకావిడ, నేతగాడైన ఆమె మొగుడు. మధ్యలో ఎప్పటిలాగే ఖాళీ వదిలాను. మూడు రోజులకు ఆదిలక్ష్మి సాపు ప్రతి మడత పడకుండా పాత క్యాలెండరు కాగితంలో చుట్టి ఇచ్చింది. రైలుకు టైమైంది. "నిదానంగా చదువు ఈసారి" అంది. తలూపి పరుగెత్తాను. రైల్లో తనిఖీ కాగితాలు చూసుకున్నాను. పెనుకొండలో దిగి, సంతకం చేసి, కవరు అంటించి పోస్టులో వేశాను.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆమె వాకిట్లోనే నిలబడి ఉంది. మామూలుగా ఆ వేళకు పొయ్యి దగ్గర ఉంటుంది.

"చదివినావా?" అంది.

"చదివినా. శానా బాగుండాది. పంపిచ్చేసినా" అన్నాను.

ఆమె నా ముఖం వంక చూస్తూ ఇంకాసేపు నిలబడింది. "అంతేనా?" అంది.

"అంతే, ఇంగేముండాది?" అని కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాను.

ఆ తర్వాత నెలల్లో ఆమె రాసిచ్చిన సాపుల్లో, పేజీలు లెక్కపెట్టేటప్పుడు కంటబడినంత వరకు, ఒక్క మాట కూడా మారలేదు. నేను రాసిన తప్పులు కూడా తప్పులుగానే వచ్చేవి. వదిలిన ఖాళీలు ఖాళీలుగానే ఉండేవి. "ఏమే, ఇది నింపలేదే?" అంటే "నాకేం తోచలేదు" అనేది. మనిషికి బద్ధకం పెరిగిందనుకున్నాను. ఒకసారి ఆ మాట పైకే అన్నాను. ఆమె నాతో మాట్లాడడమే తగ్గించింది. అన్నం పెట్టేది, గుడ్డలు ఉతికేది, అడిగినదానికి జవాబిచ్చేది. అమ్మతో, "నీ కోడలికి ఏమైంది?" అని అడిగాను గానీ ఆమెనే అడగలేదు.

అచ్చయిన సంచిక నా చేతికి రాకముందే ఆఫీసుకు వచ్చింది. పదకొండు గంటల టీ వేళ నా తోటి గుమాస్తా ఒకాయన దాన్ని పట్టుకొని, "ఏమప్పా, ఆడదాని కడుపులో దూరి వచ్చినట్ల రాసినావే. వినండప్పా ఈ ముక్క" అని అందరికీ గట్టిగా చదివి వినిపించాడు. అదీ నేను ఆ పేరాను మొదటిసారి తెలుసుకోవడం. ఇన్నేళ్ళలో అది నాకు నోటికి వచ్చేసింది.

"రెండు నెలలాయె, ఎడం కంట్లో పోగు ఉండీ లేనట్ల కనపడ్తాంది. కుడి కన్ను మూసి చూస్తే వాకిలంతా పొగ కమ్మినట్లుండాది. వేలికి తెలుస్తాంది కాబట్టి అతుకుతాండా గానీ కంటికి తెలిసి కాదు. మీ అమ్మకు చెప్తే పనికి దొంగ అంటాది. మీ నాయనకు చెప్తే మగ్గం నిలబడిపోతాదని దిగులు పడ్తాడు. నీకు చెప్దామంటే నువ్వు ఇంట్లో ఉండి కూడా యాడనో ఉంటావు. అందుకే నువ్వుండే చోటికే వచ్చి చెప్తాండా. ఒక దినం రజా పెట్టి నన్ను హిందూపురం కండ్ల డాక్టరు దగ్గరికి పిల్చుకపో."

కథలోని మొగుడు నేతగాడు. నేతగాడికి రజా ఎక్కడిది, సెలవు ఎవరిని అడిగి పెడతాడు? సంపాదకుడికి ఆ తేడా అందలేదు. రజా పెట్టాల్సినవాడు గ్లాసు చేతిలో పట్టుకొని ఆఫీసులో నిలబడి వింటున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. రాష్ట్రంలో అందరూ చదివిన తర్వాత, ఆఖరున విన్నవాణ్ని నేను. ఆ చప్పట్లకు తల వంచాను. వినయమనుకున్నారు వాళ్ళు.

పూటకు రజా పెట్టి బస్సెక్కాను. ధర్మవరం చేరేవరకు ఆమె "అంతేనా?" అన్నది తప్ప మరేమీ గుర్తు రాలేదు. చదివినానని చెప్పాను. శానా బాగుండాదని చెప్పాను. అంటే ఆమె లెక్కలో నేను ఆ మాటలన్నీ చదివి, కన్ను పోతోందని తెలిసి, బాగా రాశావని మెచ్చుకొని, కాళ్ళు కడుక్కోవడానికి పోయాను. ఆ మనిషికే నాలుగైదు నెలలుగా అన్నం పెట్టింది.

పక్కింట్లో అచ్చు ముందు కూర్చొని ఉంది, పోగులకు ముఖం ఆనించి. "రేపు రజా పెట్టినా. హిందూపురం పోదాం, కండ్ల డాక్టరు దగ్గరికి" అన్నాను. ఆమె తల ఎత్తి నన్ను వెతుక్కొని చూసింది.

"ఇప్పుడు గుర్తొచ్చెనా?" అంది.

నిజం చెప్పడానికి అంతకు మించిన అదను లేదు. చదవలేదు, చూడకుండా పంపేశాను అనాలి. అంటే కొన్నాళ్ళుగా ఆమె రాసినవేవీ చదవడం లేదని కూడా ఒప్పుకోవాలి. కథలు రాసేవాడు నేను కాదని ఒప్పుకున్నట్లే. నోరు తెరిస్తే వచ్చింది వేరే మాట. "రజా దొరకల్ల కదా. తనిఖీ ఉన్నింది" అన్నాను. ఆమె తల దించుకొని, చేతిలో ఉన్న పోగు అతికి, అప్పుడు లేచింది.

హిందూపురం డాక్టరు చాలాసేపు చూశాడు. కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతిన్నదని, పోయిన చూపు తిరిగి రాదని, రెండో కన్ను కాపాడుకోవడానికి రోజూ మందు వేసుకోవాలని చెప్పాడు. "ఇంత దూరం తెచ్చుకున్నావేమమ్మా? కొన్ని నెలలు ముందు రావల్ల కదా" అన్నాడు. నేను నేల చూస్తున్నాను. ఆదిలక్ష్మి కొంగు సర్దుకొని, "ఆయప్పకు రజా దొరకలేదు సార్" అంది. వెటకారం లేదు ఆ మాటలో. నేను చెప్పిన అబద్ధాన్ని నా పరువు కోసం జాగ్రత్తగా డాక్టరు ముందు పెట్టింది.

ఆ తర్వాత సాపు రాయమని నేను ఇవ్వలేదు, ఆమె అడగలేదు. నా కథలు తగ్గిపోయాయి. వచ్చినవి కూడా చప్పగా ఉన్నాయన్నారు. ప్రమోషన్ వచ్చి పని పెరిగిందని అందరికీ చెప్పాను. అయినా ఆ ఒక్క కథ నన్ను మోస్తూనే వచ్చింది. కొన్నేళ్ళకు హిందూపురంలో ఒక సభ పెట్టి, తీరిక లేని బతుకులో రచన ఎట్లా సాగించాలో మాట్లాడమని నన్ను పిలిచారు. మాట్లాడాను. ప్యాసింజరు రైలు గురించి, మోకాళ్ళ మీద అట్ట గురించి, క్రమశిక్షణ గురించి ముప్పావు గంట చెప్పాను. మా ఇంట్లో మధ్యాహ్నం మగ్గం ఆగే గంట గురించి ఒక్క మాట చెప్పలేదు. సభ అయ్యాక ఒక ముసలి నేతగాడు దగ్గరికి వచ్చి, "ఆ కన్ను సంగతి నీకెవురు చెప్పినారప్పా? అతికే ఆడది తప్ప ఇంగొకరు చెప్పలేరే" అన్నాడు. "చూస్తా ఉంటాం కదా పెద్దాయనా" అన్నాను. ఆయన సరేనన్నట్లు చూసి వెళ్ళిపోయాడు. నాకు కప్పిన శాలువా ఇంట్లో ఇస్తే, ఆదిలక్ష్మి దాన్ని మడిచి పెట్టెలో పెట్టింది. సభలో ఏం మాట్లాడావని అడగలేదు.

ఇప్పుడు మగ్గం లేదు, అమ్మానాయనలు లేరు, పిల్లలు వాళ్ళ సంసారాల్లో ఉన్నారు. నాకు కావలసినంత తీరిక. రోజంతా బల్ల ముందు కూర్చుంటాను. తీరిక ఉంటే కొండలు పిండి చేస్తాననుకున్నవాణ్ని, అరపేజీ రాయడానికి వారం పడుతోంది. టైం లేదన్న మాట నా కథలకు ఏనాడూ అడ్డు కాలేదని, ఇంట్లో మనుషుల నుంచి తప్పించుకోవడానికి నేను దాన్ని తడికగా పెట్టుకున్నానని ఇప్పుడు తెలుస్తోంది. తెలిసి ఏం లాభం అని కూడా అనిపిస్తుంది.

ఆ లెక్చరరు కాగితాల మీద సంతకం అడిగితే, ఒక వారం ఆగమని పంపించాను. ఆయన వెళ్ళాక వంటింట్లోకి పోయాను. ఆదిలక్ష్మి నేల మీద కూర్చొని అనపకాయలు ఒలుస్తోంది. కుడి కన్ను కూడా ఇప్పుడు బాగా మందగించింది. చూడకుండానే వేలితో పురుగు పట్టిన గింజను ఏరి పక్కన పెడుతుంది. ఎదురుగా కూర్చున్నాను.

"ఆదీ, ఒక మాట చెప్పల్ల నీకు."

"చెప్పు."

"ఆ కత పంపేటప్పుడు నేను చదవలేదు. ఒక్క ముక్క కూడా చదవలేదు. అచ్చయినంక ఆఫీసులో ఎవురో చదివితే విన్నా. చదివినా అని నీతో చెప్పింది అబద్ధం. రజా దొరకలేదని చెప్పిందీ అబద్ధమే."

ఆమె చేతులు ఆగాయి. "నిజంగా చదవలేదా?" అంది.

"లేదు."

"మీ అమ్మ మీద ఆన."

"అమ్మ మీద ఆన. చదవలేదు."

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే ఎంతో బాగుండేది. డాక్టరు దగ్గర కూడా ఏడవని మనిషి, ఒళ్ళో ఉన్న కాయలు కింద పడిపోతున్నా పట్టించుకోకుండా ఏడ్చింది. చాలాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకొని, నేనున్న వైపుకు తిరిగింది.

"చదివి కూడా ఊరికే ఉన్నావనుకున్నా ఇన్నేండ్లు. అట్లాటి మొగునితో కాపురం చేస్తాండా అనుకుంటానే సంగటి కలిపి పెట్టినా. చదవలేదని ఆ పొద్దే చెప్పింటే, కన్ను పోయిన బాధ ఒకటే ఉండేది గదప్పా నాకు" అంది.